మొదటి సింహం ఏది? లయన్ డాన్స్ బృందానికి తల, డోలు, బెంచీ ఎంచుకునే పద్ధతి

కొత్తగా లయన్ డాన్స్ (ఇద్దరు ఒకే వేషంలో దూరి, ఒకరు తల, ఒకరు తోక పట్టి డోలు దరువుకి ఆడే చైనా సింహం ఆట) బృందం పెట్టుకునేవాళ్ళు ముందు వెతికేది సింహం తల. ఏ రంగు, ఏ సైజు, కళ్ళలో లైట్లు వెలుగుతాయా లేదా అన్నది చూస్తారు. నిజానికి అది మూడో ప్రశ్న. డోలు నేర్పేది ఎవరు అన్నది మొదటిది. తోక పట్టేది ఎవరు అన్నది రెండోది. ఈ రెండూ తేలితే తల ఎంపిక సగం అయిపోయినట్టే. దసరా రోజుల్లో పులివేషం చూసినవాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు: డప్పు ఎటు లాగితే పులి అటు నడుస్తుంది. చైనా సింహమూ అంతే. కాకపోతే ఇక్కడ ఒక్కో శైలికీ దరువు వేరు, అడుగు వేరు, ఆ అడుగుకు తగ్గట్టు తల తయారీ కూడా వేరు. నేర్పేవాళ్ళది ఒక శైలి, మీరు కొన్న తల ఇంకో శైలిదైతే రెండేళ్ళు గడిచినా ఆట కుదురుకోదు.

సింగపూర్, కౌలాలంపూర్‌లలో ఉన్నవాళ్ళకి, అమెరికాలో యూనివర్సిటీ క్లబ్బుల్లో చేరినవాళ్ళకి గురువులు దగ్గర్లోనే దొరుకుతారు. మన దేశంలో ఈ ఆటను ఊరేగింపుగా దగ్గర్నుంచి చూడాలంటే చైనా కొత్త సంవత్సరం నాడు కలకత్తా వెళ్ళాలి. అక్కడి టిరెట్టా బజార్, టాంగ్రా వీధుల్లో చైనీయుల కుటుంబాలు దీన్ని ఇప్పటికీ నిలబెట్టుకున్నాయి.

ఉత్తరమా, దక్షిణమా

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఉత్తర చైనా సింహం ఒళ్ళంతా పసుపు, నారింజ రంగు జూలుతో ఉంటుంది. సాధారణంగా ఆడ, మగ జంటగా వస్తాయి (నెత్తిమీద ఎర్ర ముడి ఉంటే మగది, ఆకుపచ్చ ముడి ఉంటే ఆడది). ముందు ఒకరు బంతి పట్టుకుని ఆడిస్తుంటారు. పల్టీలు, దొర్లడాలు, పెద్ద బంతి మీద నడకలు ఇందులో ఎక్కువ. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ జంట కావాలంటే నలుగురు ఆటగాళ్ళు, బంతి పట్టేవారు ఒకరు, రెండు పూర్తి వేషాలు కావాలి. జిమ్నాస్టిక్స్ తెలిసినవాళ్ళు లేకపోతే ఆటలో సగం మిగిలిపోతుంది. కాళ్ళదాకా జూలే కాబట్టి ఎండలో లోపల ఉడికిపోతారు.

దక్షిణ సింహం గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిది. నుదుటి మీద ఒంటికొమ్ము, ఆడే కనురెప్పలు, తెరుచుకునే నోరు దాని గుర్తులు. తల ఒకరు, తోక ఒకరు, వాద్యాలు ముగ్గురు: అయిదుగురితో మొదలుపెట్టవచ్చు. ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి గురువులూ, విడిభాగాలూ, పాత తలలూ దీనికే దొరుకుతాయి. కొత్త బృందం దక్షిణ సింహంతో మొదలుపెట్టడమే మేలు. ఇక్కడినుంచి రాసేదంతా దాని గురించే.

ఫుట్‌సాన్, హోక్‌సాన్, రెండూ కలిసిన ఫుట్‌హోక్

అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడ. ఫోషాన్, హెషాన్ అనే రెండు ఊళ్ళ పేర్లను కాంటనీస్‌లో పలికితే ఫుట్‌సాన్, హోక్‌సాన్ అవుతాయి.

ఫుట్‌సాన్ తల పెద్దది. పెదవి పైకి వంపు తిరిగి ఉంటుంది, కొమ్ము మొనదేలి ఉంటుంది, తోక గుడ్డ పొడవు. ఇది కుంగ్‌ఫూ బడుల్లో పెరిగిన సింహం. అడుగు బరువుగా పడాలి, గుర్రపు భంగిమ (కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచి నిలబడడం) నడుము దిగేదాకా ఉండాలి, తలను ఊపితే భుజం నుంచి ఊపాలి. హుంగ్ గార్, చోయ్ లీ ఫుట్ లాంటి కుంగ్‌ఫూ విద్యలు నేర్చుకునేవాళ్ళకి ఈ అడుగులు అప్పటికే ఒంటికి పట్టి ఉంటాయి. నేల మీద, గుడి ముందు, వీధిలో దీని గంభీరం ఇంకోదానికి రాదు. ఇబ్బందల్లా బరువే. పాత పద్ధతిలో చేసిన పెద్ద తలతో మూడు నిమిషాలు ఆడేసరికి కొత్తవాళ్ళ మోచేతులు కిందికి జారతాయి. మోచేతులు జారితే తల ముందుకు వాలుతుంది. సింహం నేలను చూస్తూ నడిస్తే ప్రాణం పోయినట్టే ఉంటుంది.

హోక్‌సాన్ తల చిన్నది, తేలిక. నోరు బల్లపరుపుగా బాతుముక్కులా ఉంటుంది, కొమ్ము గుండ్రం, తోక పొట్టి. నడక పిల్లిని చూసి నేర్చినట్టుంటుంది: ఆగడం, వాసన చూడడం, ఉలిక్కిపడి వెనక్కి దూకడం. పోటీల్లో, ఇనుప స్తంభాల మీద దూకే ఆటల్లో కనిపించేవి ఎక్కువగా ఈ తరహావే. కారణం తేలికదనం ఒక్కటే కాదు. తల పట్టినవారు బయటికి చూసేది సింహం నోట్లోంచే. నోరు వెడల్పుగా ఉంటే పాదం పెట్టాల్సిన చోటు కనపడుతుంది. పొట్టి తోక వెనక మనిషి కాళ్ళకు చుట్టుకోదు.

ఫుట్‌హోక్ ఈ రెంటినీ కలిపినది. 1960లలో సింగపూర్‌లోని కాంగ్ చౌ వుయ్ కూన్ సంఘం రూపొందించిందని చెబుతారు. ముఖంలో ఫుట్‌సాన్ ఛాయ, తోకలో హోక్‌సాన్ పొట్టితనం. ఆగ్నేయాసియాలో గురువు దొరికినవాళ్ళకి ఇది మంచి మధ్యేమార్గం. గురువు లేకుండా వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకి మాత్రం ఇదే చిక్కుల దారి. ఏ అడుగు ఎక్కడినుంచి వచ్చిందో తెలియక దరువు ఒకటి, నడక ఒకటి అవుతుంది.

మా మాట ఇది. కుంగ్‌ఫూ బడి నీడలో ఉన్న బృందం ఫుట్‌సాన్ తీసుకోవాలి. ఆటగాళ్ళు చిన్నవయసువాళ్ళై, ఏదో ఒక రోజు బెంచీలూ స్తంభాలూ ఎక్కే ఉద్దేశం ఉంటే హోక్‌సాన్. గురువుకు వచ్చింది ఫుట్‌హోక్ అయితే వాదన అనవసరం, అదే తీసుకోండి. గురువు శైలి ఏదో తెలుసుకోకుండా ‘రెంటికీ పనికొస్తుంది’ అని అమ్మేవాళ్ళు చెప్పిన తల కొనడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

రంగు గురించి ఒక్క మాట. చైనా చరిత్రలోని మూడు రాజ్యాల కాలపు వీరుల పేర్లతో సింహాలను పిలుస్తారు. పసుపు లేదా పలు రంగుల ముఖం, తెల్లగడ్డం ఉంటే లియు బే. ఎర్ర ముఖం, నల్లగడ్డం అయితే గువాన్ యు. నలుపు ముఖం, పొట్టి నల్లగడ్డం అయితే జాంగ్ ఫే. నల్ల సింహాన్ని సంప్రదాయంలో కయ్యానికి కాలు దువ్వే సింహంగా చూస్తారు. దాన్ని వేసుకుని వేరే బృందం ఆడుతున్న వీధిలోకి వెళ్తే పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. కొత్త బృందానికి లియు బే రంగులైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మెరిసే గులాబీ, వెండి రంగు తలలకి ఈ పట్టింపు లేదు. వాటికి వేరే పట్టింపులూ లేవు, గౌరవమూ కాస్త తక్కువే.

తల చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

సైజులను నంబర్లలో చెబుతారు, సాధారణంగా నంబరు పెరిగేకొద్దీ తల చిన్నదవుతుంది. కానీ ఒక తయారీదారు మూడో నంబరు ఇంకొకరి నాలుగో నంబరంత ఉండొచ్చు. అందుకే నంబరు వదిలేసి మూడు కొలతలు సెంటీమీటర్లలో అడగండి: అడుగున చుట్టు వెడల్పు, నోటి దగ్గర్నుంచి వెనక అంచుదాకా లోతు, పిడి నుంచి నడినెత్తిదాకా ఎత్తు. బరువును జూలు, చెవులు, లోపలి తాళ్ళతో సహా తూచమనండి. ఉత్త బుర్ర బరువు చెప్పి అమ్మడం మామూలే. మొదటి తల మూడు కిలోలు దాటకపోతే మంచిది.

బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడుంది అన్నది ముఖ్యం. పిడిని రెండు చేతులా పట్టుకుని తల పైకెత్తి కళ్ళు మూసుకోండి. కొమ్మువైపు వెనక్కి లాగుతుంటే మణికట్లు పోతాయి, పెదవివైపు ముందుకు తూలుతుంటే భుజాలు పోతాయి. రెండు నిమిషాలు అలాగే నిలబడగలిగితే ఆ తల మీకు సరిపోయినట్టు.

చట్రం వెదురు బద్దలదా, అల్యూమినియందా? వెదురుకి సాగేగుణం ఉంది. తల నేలకి తగిలితే వంగి తిరిగి నిలబడుతుంది. విరిగినా ఆ చోట రెండు పక్కలా సన్నటి బద్ద పెట్టి దారంతో చుట్టి, పలచటి గుడ్డపీలిక తెల్లజిగురులో ముంచి అతికిస్తే గట్టిపడుతుంది. దాని శత్రువులు రెండే: తేమ, పుచ్చు. చట్రం కింద సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు చేరిందన్నమాట. అల్యూమినియానికి పుచ్చు లేదు, బూజు లేదు. సముద్రపు ఊళ్ళకీ వానాకాలానికీ అదే నయం. కానీ ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది. నాలుగైదుసార్లు సరిచేస్తే ఆ చోటే తెగుతుంది. రివెట్లు వదులై ఆటలో టకటకమంటాయి. ఇంట్లోనే మరమ్మతులు చేసుకునే చేతులుంటే వెదురు, లేకపోతే లోహం.

జూలు విషయంలో గొర్రె ఉన్ని ఖరీదు, చెమట వాసన పడుతుంది, దువ్వకపోతే ఉండలు కడుతుంది. అయినా టపాసులు కాల్చేచోట ఆడేవాళ్ళు ఉన్నినే తీసుకోవాలి. నిప్పురవ్వ పడితే ఉన్ని కమిలి ఆగిపోతుంది. కృత్రిమ జూలు కరిగి అంటుకుంటుంది, కరిగిన బొట్టు చర్మం మీద పడితే ఊడిరాదు. తోక గుడ్డకీ ఇదే మాట.

కనురెప్పల తాడు, చెవుల తాడు, కింది దవడ రబ్బరు: ఆట మధ్యలో తెగేవి ఈ మూడే. కొనేటప్పుడు ఒక్కోదాన్ని యాభైసార్లు లాగి చూడండి. తాడు వెదురు అంచు మీద రాసుకుంటూ పోతుంటే అది తొందరగా తెగుతుంది, అక్కడ చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క వేస్తే చాలు. ప్రదర్శన సంచిలో నైలాన్ తాడు రెండు మీటర్లు, గుడ్డ టేపు, ప్లాస్టిక్ జిప్ టైలు, కత్తెర ఎప్పుడూ ఉండాలి.

విదేశం నుంచి తెప్పించేవాళ్ళు రవాణా లెక్క ముందే వేసుకోవాలి. విమాన కొరియర్లు తూకం, పెట్టె పరిమాణం రెంటిలో ఏది ఎక్కువైతే దానికే లెక్క కడతాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించడం మామూలు పద్ధతి. 60×60×60 పెట్టె 43.2 కిలోల కింద లెక్కకొస్తుంది, లోపలున్నది రెండున్నర కిలోల సింహమే అయినా. ఓడలో తెప్పించుకుంటే చవక. ఆలస్యం, తేమ రెండూ ఉంటాయి కాబట్టి తేమ పీల్చే పొట్లాలు ఎక్కువ వేయించి, చెవులు, గడ్డం, జూలు విప్పి కట్టమనండి.

డోలు మీద ఎక్కువ పెట్టండి

డబ్బు తక్కువగా ఉంటే కొత్త డోలు, పాత సింహం కొనండి, దీన్ని తలకిందులు చేయకండి. పాత సింహంతో మంచి డోలు ఉన్న ఆటని జనం నిలబడి చూస్తారు. మెరిసే సింహానికి డొల్ల డోలు తోడైతే రెండో నిమిషానికి ఫోన్లు చూసుకుంటారు.

చెక్క పీపాకి పశువుల తోలు బిగించి మేకులు కొట్టిన పెద్ద డోలు ఇది. పెద్ద డోలుకి గుండెలో మోగే నాదం ఉంటుంది కానీ ఇద్దరు మోయాలి, చక్రాల బండి కావాలి, మామూలు కారు వెనక పట్టదు. ఇంటింటికీ తిరిగి ఆడేవాళ్ళు ఒక మెట్టు చిన్నదే తీసుకోవాలి. కొనేటప్పుడు చూడాల్సింది తోలు మందం: నడిమి, అంచు ఒకేలా మోగకూడదు. నడిమి లోతుగా, అంచుకి దగ్గరగా గట్టిగా, చెక్క అంచు మీద కొడితే పొడిగా ‘టక్’మని, మూడు శబ్దాలు విడివిడిగా వినపడాలి. ఆటలో ఈ మూడే మాటలు. సింహం నిద్రపోతున్నప్పుడు అంచు మీద సన్నగా గీకుతారు, కళ్ళు తెరిస్తే ‘టక్’, లేస్తే నడిమి దెబ్బ.

వాన రోజుల్లో తోలు వదులై బొద్దుగా మోగుతుంది. నీడపట్టున ఫ్యాను గాలికి పెట్టండి, లేదా లేత ఎండలో పది నిమిషాలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలేస్తే తోలు మేకుల దగ్గర చీలుతుంది, ఆ చీలిక నడిమికి పాకుతుంది. దానికి మందు లేదు, తోలు మార్చడమే.

డోలుతో పాటు జేగంట ఒకటి, చేతితాళాలు కనీసం ఒక జత, రెండు జతలైతే నిండుగా ఉంటుంది. తాళాల్లో పలుచవి చవక, కానీ అంచు నుంచి పగుళ్ళు వస్తాయి. రెండు తాళాలనూ ఎదురెదురుగా సరిగ్గా గుద్దితే గాలి ఇరుక్కుని చప్పుడు చచ్చిపోతుంది. ఒకటి కాస్త పైనుంచి జారుతూ తగలాలి.

దరువు నేర్చుకోవడానికి మనవాళ్ళకో వెసులుబాటు ఉంది: నోటితో జతులు చెప్పే అలవాటు. నడిమి దెబ్బకి ‘ధిం’, అంచు దగ్గర ‘త’, చెక్క మీద ‘టక్’ అని పెట్టుకుని ప్రతి దరువునీ ముందు నోటితో చెప్పి, చేతితో తొడ మీద కొట్టి, ఆ తర్వాతే కర్ర పట్టండి. మొదట రావాల్సినవి నాలుగే: మూడు దండాల దరువు (ఆట మొదట్లోనూ చివర్లోనూ సింహం మూడుసార్లు వంగుతుంది), నడక, పరుగు, ఆగడం. ఆగడమే కష్టం. డోలు ఆగిన క్షణానికి తాళాలు ఆగకపోతే సింహం ఆగినా ఆగినట్టు కనపడదు.

నేల, బెంచీ, స్తంభాలు

ఇనుప స్తంభాల మీద దూకే ఆట మలేషియాలో పెరిగింది. అక్కడి గెంటింగ్‌లో 1994 నుంచి జరుగుతున్న ప్రపంచ పోటీలు దాన్ని అందరికీ చూపించాయి. పోటీల్లో ఇరవై చుట్టుపక్కల స్తంభాలు ఉంటాయి, వాటిలో ఎత్తైనవి రెండు మీటర్లు దాటుతాయి. వీడియో చూసి ముందు స్తంభాలు చేయించుకునే బృందాలున్నాయి. అవి చివరికి ఆ స్తంభాల మీద బట్టలారేసుకుంటాయి.

వరస ఇలా పెట్టుకోండి. నేల మీద: తల పట్టినవారు తోకవారి తొడల మీద నిలబడడం, తలమీద కూర్చోవడం, భుజాల మీదికి ఎక్కడం. నేల మీద ఒక ఎత్తు పదికి పదిసార్లు కుదిరాకే బెంచీ. బెంచీ గట్టి చెక్కదై, మోకాలి ఎత్తు మించకుండా, కాళ్ళు బయటికి వాలి ఉండాలి. నిటారు కాళ్ళ బెంచీ చివర కాలు పెట్టగానే లేస్తుంది. బెంచీ మీద ఆరునెలలు ఆడి, గురువు ఒప్పుకుంటేనే పొట్టి స్తంభాలు, అదీ చుట్టూ మందపాటి పరుపులు, పక్కన పట్టుకునేందుకు ఇద్దరు మనుషులు ఉంటేనే. పోటీ ఉద్దేశం లేని బృందానికి స్తంభాలు అసలు అవసరమే లేదు. ఒక్క బెంచీతో చేయగలిగిన ఆట ఏళ్ళతరబడి ఉంది.

ఎత్తులు తప్పడానికి కారణం ఎక్కువగా బలం కాదు, సమయం. తలవారు ఎగరకముందే తోకవారు లాగితే నడుం పడుతుంది. ఎగిరాక లాగితే ఎత్తు రాదు. తలవారు మోకాళ్ళు వంచి లేచే క్షణంలో నడికట్టు పట్టి పైకి తీయాలి, ఆ క్షణాన్ని చెప్పేది డోలు. నడికట్టు మామూలు ప్యాంటు బెల్టు కాకూడదు. వెడల్పాటి గుడ్డది, రెండు చుట్లు చుట్టి పిడికిలి దూరేంత బిగువుతో కట్టాలి.

జతని కలిపేటప్పుడు తల తేలికవారికి, తోక బరువు, బలం ఉన్నవారికి ఇవ్వండి. తోకవారు ఆటంతా నడుం వంచి ఉంటారు. వెన్నులో పాత నొప్పి ఉన్నవారిని అక్కడ పెట్టకండి. వంగాల్సింది తుంటి దగ్గర, వీపు పలకలా ఉండాలి. పావుగంట ఆటకి రెండు జతలైనా కావాలి, ఎండలో మూడు. డోలు దగ్గర నడక దరువు సాగుతుండగా జత మారడం విడిగా సాధన చేయాల్సిన పని.

ఆకు కోత ఆటకి (సింహం ఆకుని ‘తిని’ ముక్కలు విసిరే ఆట, దీన్ని చాయ్ చింగ్ అంటారు) లెట్యూసే తీసుకోండి. కాంటనీస్‌లో దాని పేరు ‘సంపద పెరగడం’ అన్న మాటలా వినపడుతుంది, అందుకే ఆ ఆకు. దొరకలేదని క్యాబేజీ కడితే ఆ గట్టి ముక్కలు విసిరినప్పుడు చూసేవాళ్ళకి రాళ్ళలా తగులుతాయి. లెట్యూస్ మొదలు ముందే విరిచి వదులు చేసి, డబ్బు పెట్టిన ఎర్ర కవరుతో కలిపి ఒక్క లాగుకి ఊడేలా దారంతో కట్టాలి. కవరు వెనక్కి అందించి తోకవారి జేబులోకి పోయాకే ఆకు చింపి విసరడం.

పాత సరుకు, పంచుకోవడం

ఒక ఊళ్ళో రెండు మూడు చిన్న బృందాలుంటే అన్నీ అందరూ కొనక్కర్లేదు. పరుపులు, బెంచీలు, జేగంట పంచుకోవచ్చు. డోలు పంచుకోవచ్చు కానీ దాన్ని బిగించి, ఆరబెట్టే బాధ్యత ఒకరిదే అయి ఉండాలి. అందరిదీ అయితే వానాకాలానికి ఎవరిదీ కాదు. సింహం తల ఇవ్వడం వేరే సంగతి. కళ్ళు తెరిచే పూజ (కొత్త తలకి రంగుతో కళ్ళు దిద్ది ప్రాణం పోసే తంతు) జరిగిన తలని కొన్ని బృందాలు బయటికి ఇవ్వవు. ఇవ్వరంటే రెండోసారి అడగకూడదు. లోపలి ప్యాంట్లు, బూట్లు ఎప్పుడూ ఎవరివి వారివే.

తల ఎరువిచ్చేటప్పుడు ఆరు వైపులా, లోపలి తాళ్ళతో సహా ఫొటోలు తీసి, తిరిగొచ్చాక అవే కోణాల్లో తీసి పోల్చండి. తలను దవడ మీద కాకుండా పెట్టె మీదో, వెడల్పాటి బుట్ట మీదో కూర్చోబెట్టాలని, దాని మీదుగా దాటకూడదని తీసుకెళ్ళేవాళ్ళకి ముందే చెప్పండి. ఆట అయిన రాత్రే సంచిలో కట్టేస్తే తెల్లారేసరికి బూజు మొదలవుతుంది. ఒక రాత్రి గాలికి ఆరాలి.

పాత తల కొంటుంటే పైరంగు చూడకండి, రంగు ఎవరైనా వేస్తారు. లోపలికి టార్చి వేసి పిడి కట్టిన కీళ్ళు, నోటి చుట్టు, కొమ్ము మొదలు చూడండి. పిడి కదులుతుంటే బేరం ఆడొచ్చు, నోటి చుట్టు విరిగి అతికి ఉంటే వదిలేయండి. ఆటలో బరువంతా అక్కడే పడుతుంది.

సాధన వీడియోలు పంచుకునేటప్పుడు ఎదురుగా తీసింది ఒక్కటే పంపితే పనికిరాదు. అదే ఆటని పక్కనుంచి, తోక గుడ్డ తీసేసి ఇంకోసారి తీయండి. నేర్చుకునేవాళ్ళకి కావాల్సింది తోకవారి పాదాలు, నడికట్టు మీద చేతులు. డోలుని విడిగా, నోటి జతులతో సహా, నిదానంగా ఒకసారి, ఆట వేగంలో ఒకసారి రికార్డు చేసి, ఏ శైలి, ఎవరి దగ్గర నేర్చుకున్నది అన్నది ఫైలు పేరులోనే రాయండి.